తిరిగొచ్చిన నీలం షట్టరు

చచ్చిన ఎలకని తోక పట్టుకుని తెచ్చినట్టు, తిరిగొచ్చిన పార్సిల్‌ని ఒంటికి దూరంగా పట్టుకుని మేడమెట్లు ఎక్కింది షట్టరక్క. గదిలోకి వచ్చి బల్లమీద పడేసింది. కుంచెలు కడిగే నీళ్ళ గ్లాసు తొణికింది.

ఆమె అసలు పేరు ఇప్పుడు బ్యాంకు పుస్తకంలో తప్ప ఎక్కడా వినబడదు. మూతబడ్డ దుకాణాల షట్టర్ల బొమ్మలు వేసి ఆన్‌లైన్‌లో అమ్ముతుంది కాబట్టి, పేజీ చూసే జనం ముద్దుగా ఆ పేరు పెట్టారు. తుప్పు పట్టినవి, పెచ్చులూడినవి, ఏ బండో గుద్దితే సొట్టపడ్డవి, పైన సగం చెరిగిన అక్షరాలున్నవి. "మూసేసిన కొట్లు ఎవడు కొంటాడు వదినా, అందులో సరుకు కూడా ఉండదు" అని మొదట్లో పకపకా నవ్విన ఆడపడుచే ఇప్పుడు ఆ పేజీకి కాపలాదారు. ఎవరైనా ఒక్క మాట తేడాగా రాస్తే చాలు, కొంగు బిగించి దిగిపోతుంది.

ఇంటి కింద భాగంలో భర్త జిరాక్స్ షాపు. బొమ్మ ఆరగానే ఆయన దాన్ని కిందకి తీసుకెళ్ళి పెద్ద మిషను మీద స్కాన్ చేస్తాడు. అసలు బొమ్మ ఒక ధరకి, దాని ప్రింట్లు అందులో పదోవంతుకి వెబ్‌సైటులో పెడతాడు. ప్రింట్ల కట్ట పైకి తెచ్చి ముందు పెడితే ఆమె కింద మూలన పెన్సిలుతో సంతకాలు పెట్టి ఇస్తుంది. అట్టలు కోయడం, టేపు చుట్టడం, చిరునామాలు అంటించడం అంతా ఆయనే. వెయ్యడం ఆమె వంతు, పంపడం ఆయన వంతు. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టరు.

ఇంత సాఫీగా సాగే బండికి ఈ నీలం షట్టరు అడ్డం పడింది. కొన్నది ఎవరో అమ్మాయి. బొమ్మ చేరిన మర్నాడే రాసింది. "మేడమ్, మీరు పంపినది చేత్తో వేసిన బొమ్మ కాదు, ప్రింటు. మా నాన్నకి చూపు తగ్గింది, తడిమి చూసి చెప్పారు. ఆయన నలభై ఏళ్ళు దుకాణాలకి బోర్డులు రాసిన మనిషి. అసలుది పంపండి, లేకపోతే ఇది వెనక్కి తీసుకోండి."

చదువుతుంటే షట్టరక్కకి చెవులు వేడెక్కాయి. ఆ నీలం కోసం ఎన్ని పూతలు పూసిందో ఆమెకి తెలుసు. తుప్పు దగ్గర రంగు ఆరీ ఆరకముందే పాత బ్లేడుతో గీకి, కింది పొర బయటపడేలా చెయ్యడానికి మూడు కాగితాలు పాడుచేసింది. భర్తకి ఆ మెసేజీ చూపించింది.

"ఇలాంటివాళ్ళు ఉంటారోయ్. వెనక్కి తీసుకుని డబ్బిచ్చి పడేద్దాం. గొడవెందుకు?" అన్నాడాయన, టేపు చుట్ట కొస వెతుక్కుంటూ.

"నా బొమ్మని ప్రింటంటే గొడవెందుకంటారేంటి?"

"అంటే అన్నది. మనకేం పోయింది?"

ఆమె ఒప్పుకోలేదు. వెబ్‌సైటువాళ్ళకి పెద్ద ఉత్తరం రాసింది. వాళ్ళు రెండు వైపులా చదివి, సరుకు వెనక్కి తీసుకోవలసిందే అని ఒక్క ముక్కలో తేల్చారు. అదీ ఈ పార్సిల్.

కత్తెరతో టేపు కోసి, అట్టలు విప్పింది. లోపల బొమ్మ జాగ్రత్తగా పలచటి కాగితంలో చుట్టి ఉంది. కాగితం తీసి బొమ్మని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి పక్కనుంచి వెలుగు పడేలా వంచింది.

నున్నగా ఉంది.

బ్లేడు గీతల దగ్గర గోరు ఆనించింది. గోరు ఎక్కడా ఆగకుండా జారిపోయింది. భూతద్దం తీసి నీలం మీద పెట్టింది. చుక్కలు. నీలం, నలుపు, అక్కడక్కడ గులాబీ రంగు సన్నటి చుక్కలు, చీమల పుట్ట కదిపినట్టు. కింద మూలన సంతకం మాత్రం తనదే, పెన్సిలుతో పెట్టిందే.

ఒక్క నిమిషం ఆమెకి ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా అర్థమైపోయినట్టనిపించింది. ఆ అమ్మాయి ఎప్పుడో చవగ్గా ఒక ప్రింటు కొనుక్కుని ఉంటుంది. ఇప్పుడు అసలుది తెప్పించుకుని గోడకి తగిలించుకుని, ప్రింటుని వెనక్కి పంపి, డబ్బు కూడా వెనక్కి లాక్కుంది. నాన్న, తడిమి చూడటం, నలభై ఏళ్ళ బోర్డులు, అంతా కట్టుకథ. ఎంత ముద్దుగా అల్లింది!

  షట్టరక్క పై మెట్టు మీదకొచ్చి "ఏమండీ!" అని కేక పెట్టింది.

ఆయన వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. బొమ్మ చేతికిస్తే పట్టుకోలేదు. దూరం నుంచే చూసి, "ఊఁ" అన్నాడు.

"ఊఁ ఏంటండీ? చూడండి, మనిషన్నది ఇంత నీచంగా ఉంటుందా? అసలుది దాచుకుని..."

"పోనీలేవోయ్. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉన్నాయిగా. దీన్నే ఇంకొకరికి అమ్ముకుందాం."

"ఒకలాగే ఉన్నాయా? మీక్కూడానా?"

ఆయన మెడ గోక్కున్నాడు. కింద ఎవరో పిలుస్తున్నారని దిగి వెళ్ళిపోయాడు. ఎవరూ పిలిచినట్టు ఆమెకి వినబడలేదు.

ఆ సాయంత్రమే ఆమె ఫోను స్టాండుకి తగిలించి లైవ్ పెట్టింది. జుట్టు కూడా సరిచేసుకోలేదు. బొమ్మని కెమెరా ముందుకు తెచ్చి, భూతద్దం అడ్డం పెట్టి చుక్కలు చూపించింది. పక్కన ఈ మధ్యే వేసిన ఇంకో అసలు బొమ్మ పెట్టి, వేలితో గీకి, ఆ చప్పుడు కూడా వినిపించింది. "ఇది నా చెయ్యి. ఇది మిషను. నా చేతిని దాచుకుని మిషనుని నా మొహాన కొట్టింది ఒక మహాతల్లి. పేరు చెప్పను, నాకంత సంస్కారం ఉంది" అంది.  కళ్ళు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం నటన కాదు, కానీ కెమెరా ముందు తుడుచుకుంటున్నానన్న ఎరుక మాత్రం ఉంది.

పేరు చెప్పకపోయినా ఏం? ఆ అమ్మాయి వెబ్‌సైటులో ఒక నక్షత్రమిచ్చి రాసిన మాటలు అందరికీ కనబడుతూనే ఉన్నాయి, తండ్రి తడిమి చూసిన సంగతి, తన పేరు, ఫొటోతో సహా. గంట తిరక్కుండా ఆడపడుచు ఫోను.

"వదినా, దొరికింది! కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది, అద్దాలు తగిలించి 'ఇది కనబడుతోందా, అది కనబడుతోందా' అని అడుగుతుందే, ఆ పని. షాపు పేరు కూడా పెట్టేశాను. నువ్వేం దిగులుపడకు, మనవాళ్ళు చూసుకుంటారు."

"అయ్యో, షాపు పేరెందుకే?" అంది షట్టరక్క. అంది గానీ, తీసెయ్యమని మాత్రం అనలేదు.

మనవాళ్ళు చూసుకున్నారు. మర్నాడు పొద్దున ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఫోను తెరిస్తే వందల కొద్దీ కామెంట్లు. 'కళ్ళజోళ్ళు అమ్ముతూ కళ్ళు కనబడవా' అన్నవాడితో మొదలైంది. దానికి నవ్వుతున్న బొమ్మలు బారులు తీరాయి. షట్టరక్క కూడా ఒకటి నొక్కింది. ఆ తర్వాత కిందకి వెళ్ళేకొద్దీ రంగు మారింది. అమ్మాయి ఫొటోని కోసి ఎలక మొహానికి అతికించారు. గుడ్డి ముసలాడు తడిమింది బొమ్మనేనా అని ఒకడు అడిగితే, ఇంకొకడు దానికి సమాధానం రాశాడు. ఆ సమాధానం చదివాక షట్టరక్క ముద్ద మింగలేక కంచంలో ఉమ్మేసింది. ఎవరీ మనుషులు? రోజూ 'అక్కా, మీ షట్టరు చూస్తే మా వీధి గుర్తొచ్చింది' అని రాసేవాళ్ళే. ఇదే నోటితోనా?

రెండు కామెంట్లు తీసేసింది. ఇరవై కొత్తవి వచ్చి పడ్డాయి. మురుక్కాలవకి చెంబుతో అడ్డం పెట్టినట్టుంది పని. ఫోను బోర్లించి పెట్టి, రంగులు కలుపుకోవడానికి కూర్చుంది. ఆ రోజు ఆర్డర్లు మాత్రం మామూలు కన్నా ఎక్కువ వచ్చాయని భర్త కింద నుంచి చెప్పాడు. చెప్పి, ఎప్పట్లా ఈల వెయ్యలేదు.

మూడోరోజు మధ్యాహ్నం ఆమెకి గట్టి అట్ట కావలసివచ్చింది. కొత్త కాగితం ఒకటి తడికి ముడుచుకుపోతోంది, అట్టకి బిగించాలి. భర్త షాపు సగం మూసి ఇంకు తేవడానికి వెళ్ళాడు. సరే, నేనే తెచ్చుకుంటాను అని కిందకి దిగింది.

అట్టలు ఎక్కడ పెడతాడో ఆమెకి తెలియదు. మిషను వెనక కాగితాల కట్టలు నిలువుగా పేర్చి ఉన్నాయి. వాటి చాటున గోడకి ఆనించి పల్చటి అట్ట సంచీ ఒకటి కనబడింది. లాగింది. లోపల ఏదో ఉన్న బరువు తగిలింది. తెరవకముందే, సందులోంచి తొంగిచూసిన నీలం అంచు చూసి ఆమె చేతులు ఆగిపోయాయి.

బయటికి తీసింది. అదే షట్టరు. బ్లేడు గీతలు వేళ్ళకి గరుగ్గా తగిలాయి. కుడివైపు పైన, అక్షరాల మీదుగా, టీ గ్లాసు అడుగంత గుండ్రటి మరక. మరక చుట్టూ నీలం వెలిసి, తడిగుడ్డతో తుడవబోయినట్టు చెదిరి ఉంది.

షట్టరక్క ఎత్తుపీట మీద కూలబడింది. మిషను చిన్నగా గుర్రుమంటోంది. ఎవరో పెద్దాయన సగం దించిన షాపు షట్టరు కింద నుంచి వంగి వచ్చి, "అమ్మా, ఒక కాపీ" అని కార్డు ఇచ్చాడు. ఆమె లేచి, కార్డు గాజు మీద పెట్టి, మూత వేసి మీట నొక్కింది. వెలుగు గీత అటునుంచి ఇటు పాకింది. కాగితం వచ్చింది. ఇచ్చేసింది. ఆయన రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"ఒరిజినల్ లోపలే ఉండిపోయిందమ్మా."

"ఆఁ" అని మూత ఎత్తి తీసి ఇచ్చింది. 

భర్త వచ్చేసరికి బొమ్మ ఆమె ఒళ్ళో ఉంది. ఆయన చేతిలోని ఇంకు డబ్బాలు కింద పెట్టాడు. షాపు షట్టరు పూర్తిగా దించేశాడు. 

"టీ పడిందోయ్" అన్నాడు చివరికి. "ప్యాక్ చేస్తుంటే మోచెయ్యి తగిలింది. తుడిస్తే ఇంకా పాడైంది. నీకు చెబితే రెండు రోజులు అన్నం తినవు. మళ్ళీ వెయ్యడానికి రెండు వారాలు. ఆ అమ్మాయేమో వాళ్ళ నాన్న పుట్టినరోజుకి అందాలని రాసింది. మందపాటి కాగితం మీద మంచి ప్రింటు తీశాను. ఎవరు పట్టుకుంటారులే అనుకున్నా."

"ఇదొక్కటేనా?"

ఆయన వంగి ఇంకు డబ్బాలు వరసగా సర్దాడు.

"మిమ్మల్నే. ఇదొక్కటేనా?"

"తొమ్మిది" అన్నాడు. "దీంతో కలిపి." ఇక దాచి లాభం లేదనుకున్నాడేమో, మాటలు గబగబా వచ్చాయి. "నువ్వే చూడు, ఒక బొమ్మ అమ్ముడైపోయాక కూడా అదే కావాలని అడిగేవాళ్ళుంటారు. వేసినదే మళ్ళీ వెయ్యనంటావు. నెలకి రెండు వేస్తావు, అడిగేవాళ్ళు పదిమంది. వచ్చినవాళ్ళని పొమ్మనమంటావా? నువ్వు సంతకం పెట్టినవేగా అన్నీ. ఒకటి రెండు చోట్ల నేనే కాస్త జిగురు రంగు అద్దాను, చేతికి తగలాలని. ఎనిమిదిమంది నోరెత్తలేదు. ఎంతో బాగుందని రాశారు కూడానూ. అంటే ఏంటి? వాళ్ళకి సంతోషమే, మనకీ సంతోషమే."

అద్దాను అన్నప్పుడు ఆయన చూపుడువేలు గాలిలో అద్దుతున్నట్టు కదిలింది. ఆ వేలిని చూస్తే ఆమెకి ఒళ్ళంతా జెర్రి పాకినట్టయింది. పదహారేళ్ళుగా ఆ చేత్తో కలిపిన టీ తాగింది.

"మూడు రోజుల నుంచి ఆ పిల్లని కుక్కల్లా పీకుతుంటే చూస్తూ కూర్చున్నారా?"

"నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను, వదిలెయ్, వదిలెయ్ అని. లైవ్ పెట్టమన్నానా? పెట్టింది నువ్వు."

అది నిజమే. ఆ నిజం ఆయన నోట్లోంచి రావడం ఆమెకి మరీ రోతగా ఉంది. లేచి, బొమ్మని చంకలో పెట్టుకుని, పార్సిల్ అట్ట మీద చిరునామా చింపి తీసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడాయన. "ఇదిగో, తొందరపడకు. కొరియరువాళ్ళు మార్చేశారని చెబుదాం. అందరికీ గౌరవంగా ఉంటుంది."

ఆమె షాపు షట్టరు తనే ఎత్తుకుని బయటపడింది.

రెండు బస్సులు మారితే వచ్చింది ఆ ఇల్లు. మూడో అంతస్తు, పెయింటు వాసన వేసే వరండా. తలుపు తీసింది ఆ అమ్మాయే. ఫొటోలో కన్నా చిన్నగా ఉంది, పాతికేళ్ళు కూడా ఉండవు. ఎదురుగా ఉన్నదెవరో చూడగానే మొహం పాలిపోయింది. తలుపు వెనక్కి నెట్టబోయింది.

"ఒక్క నిమిషం. నువ్వు చెప్పింది నిజమే. తప్పు మా ఇంట్లోనే జరిగింది" అంది షట్టరక్క.

ఆ అమ్మాయి తలుపు మూయలేదు, తెరవనూ లేదు. "ఇంతకీ ఫోను తెచ్చారా? ఇది కూడా వీడియో తీస్తున్నారా?"

షట్టరక్క రెండు చేతులూ చాపి చూపించింది. బొమ్మ తప్ప ఏమీ లేదు.

లోపల నుంచి "ఎవరమ్మా?" అని గొంతు. ఆ అమ్మాయి పక్కకి జరిగి దారిచ్చింది. కిటికీ పక్క కుర్చీలో పెద్దాయన. పలకలాంటి భుజాలు, గోళ్ళ మొదళ్ళలో ఎప్పటికీ పోని ఎర్రరంగు. విషయం విని, ఏమీ అనకుండా చేతులు చాపాడు. షట్టరక్క బొమ్మని ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన మొహాన్ని దానికి బెత్తెడు దూరంలోకి తెచ్చి, వేళ్ళతో అంచు నుంచి లోపలికి మెల్లగా వెళ్ళాడు.

"ఇక్కడ బ్లేడు వాడావు."

"అవునండీ."

"తడిమీద గీకావు. పూర్తిగా ఆరనివ్వకూడదు, అదీ తెలిసింది నీకు. బాగుంది." వేళ్ళు అక్షరాల దగ్గరికి వచ్చాయి. "అక్షరాలు మాత్రం నీకు చేతకాలేదమ్మా. ఆ షట్టరు మీద రాసినవాడు ఒక్క ఊపులో తిప్పి ఉంటాడు. నువ్వు చూసి చూసి గీశావు. వాడి చెయ్యి ఎక్కడ లేచిందో నీకు పట్టుబడలేదు."

"పట్టుబడలేదండీ" అంది. నెత్తిన మొట్టికాయ తిన్నట్టూ ఉంది, ప్రాణం లేచొచ్చినట్టూ ఉంది. ఇన్నేళ్ళలో ఆమె బొమ్మ గురించి ఎవరూ ఇంత మాట అనలేదు.

"మరక ఏంటిక్కడ?"

"టీ పడింది."

ఆయన బొమ్మని తిరిగి ఆమె వైపు జరిపాడు. "తీసుకెళ్ళమ్మా. మంచి బొమ్మే. కానీ ఇది గోడమీదుంటే, మా పిల్ల ఆ ఫోను పట్టుకుని బాత్‌రూములో కూర్చున్నదే నాకు గుర్తొస్తుంది."

షట్టరక్క ఆ అమ్మాయి వైపు చూసింది. పనిరోజు, మధ్యాహ్నం. ఇంట్లో ఉంది.

"షాపుకి కొన్నాళ్ళు రావద్దన్నారు" అంది ఆ అమ్మాయి, అడగకుండానే. "ఫోన్లు చేసి తిడుతున్నారట. అద్దాలు కొనేవాళ్ళ కన్నా అవే ఎక్కువట."

"నన్నేం చెయ్యమంటావో చెప్పమ్మా."

"మీరు ఇక్కడికొచ్చి నాకు చెబితే ఏం లాభం? నాకు ముందే తెలుసుగా. అక్కడ అన్నారు, అక్కడే చెప్పండి." తలుపు దాకా వచ్చి, గొంతు తగ్గించి అంది. "ఎలక మొహం పెట్టిన ఫొటో ఉందే, అది మా నాన్నకి చెప్పలేదు. మీరు కూడా చెప్పకండి."

మర్నాడు పొద్దున పదిగంటలకి ఆమె మళ్ళీ ఫోనుని స్టాండుకి తగిలించింది. భర్త కింద నుంచి రాలేదు. మరక బొమ్మ కెమెరాకి చూపించింది. ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తొమ్మిదిమందికి అసలువని చెప్పి ప్రింట్లు వెళ్ళాయని చెప్పింది. ఎవరు పంపారని ఒకరు అడిగితే, "మా ఇంట్లోంచి. నా సంతకంతో" అంది. ఆ అమ్మాయిని, ఆమె తండ్రిని అన్న మాటలు ఎవరివి వాళ్ళు తీసేసి, కళ్ళజోళ్ళ షాపు పేజీలో క్షమాపణ రాయమంది. ఈసారి కళ్ళు తుడుచుకోలేదు. ఏడుపొస్తే కెమెరా ఆపేద్దామని ముందే అనుకుంది.

తిడతారనుకుంది. ఒళ్ళు రాయి చేసుకుని కూర్చుంది.

హృదయాలు వచ్చాయి. ఎర్రవి, గులాబీవి, గుంపులు గుంపులుగా. 'అక్కా మీ నిజాయితీకి పాదాభివందనం.' 'ఈ రోజుల్లో ఇలా ఒప్పుకునేవాళ్ళెవరు?' 'ఏడిపించేశారక్కా.' ముసలాయన గురించి ఆ సమాధానం రాసినవాడే, 'మీలాంటివాళ్ళున్నారు కాబట్టే వానలు పడుతున్నాయి' అని రాశాడు. రాసినవాడు తన పాత కామెంటు మాత్రం తియ్యలేదు. 'ఆ పిల్ల కూడా కాస్త నెమ్మదిగా చెప్పాల్సింది' అని ఒకావిడ. 'టీ మరక బొమ్మ అమ్ముతారా? ఎంతైనా ఇస్తాను' అని ఒకడు. దాని కింద 'నాకు', 'నాకు', 'నేను ముందడిగా'.

షట్టరక్క ఫోను ఆపేసి, తొట్టి దగ్గరికి వెళ్ళి వాంతి చేసుకుంది. టీ తప్ప ఏమీ లేదు కడుపులో.

కొళాయి కట్టకముందే ఫోను మోగింది. ఆడపడుచు. "వదినా! ఎన్నివేలమంది చూశారో తెలుసా? ఇంతవరకూ ఏ వీడియోకీ రాలేదు. వారానికొకటి ఇలా మనసు విప్పి మాట్లాడాలి నువ్వు."

"ఆ అమ్మాయి షాపు పేరు నువ్వు పెట్టిన కామెంటు తీశావా?"

"తీస్తాలే, దానికి మూడువందల లైకులున్నాయి..."

"ఇప్పుడు తియ్యి. నేను లైన్లోనే ఉంటాను. తీసి చెప్పు."

అవతల గొణుగుడు, గాజుల చప్పుడు. "తీశాను. ఏంటో, మంచికి పోతే..." అని పెట్టేసింది.

తర్వాత కళ్ళజోళ్ళ షాపు యజమానికి ఫోను చేసింది. ఆయన అంతా విని, ఆ పిల్లని రమ్మనడానికి తనకేం అభ్యంతరం లేదు గానీ, పడిపోయిన రేటింగు ఎవరు లేపుతారు, అది చూసి నిర్ణయిస్తానన్నాడు. క్షమాపణలు ఎన్ని వచ్చాయని అడిగితే లెక్కపెట్టి మూడన్నాడు. అందులో ఒకటి తన కొట్లో అద్దాలకి తగ్గింపు ఉందా అని కూడా అడిగిందట.

కింద మెట్ల మీద అడుగుల చప్పుడైంది. భర్త వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది, కానీ కళ్ళలో ఏదో మెరుపు అణుచుకోలేకపోతున్నాడు.

"ఇరవైమూడు ఆర్డర్లొచ్చాయోయ్" అన్నాడు. "అన్నీ అసలు బొమ్మలకే."

ఆమె ఆయన్ని చూసింది. నిన్నటి కోపం రావాలి, రాలేదు. దుకాణంలో ఎప్పుడూ చూడని వస్తువుని చూసినట్టు చూసింది.

"అందరి డబ్బూ వెనక్కి పంపెయ్యండి. పేజీలో అమ్మకం ఆపెయ్యండి."

"ఎన్నాళ్ళు?"

"ఆ ఎనిమిదిమంది ఫోన్ నెంబర్లు రాసి తీసుకురండి."

"వాళ్ళే సంతోషంగా ఉన్నారు కదోయ్..."

"రాసి తీసుకురండి."

ఆయన చాలాసేపటికి ఒక కాగితం తెచ్చి, చేతికివ్వకుండా బల్ల చివర పెట్టి వెళ్ళాడు. జిరాక్స్ కాగితం వెనక వైపు, గుండ్రటి చక్కటి రాతతో ఎనిమిది నెంబర్లు. పక్కన ఏ బొమ్మో కూడా రాశాడు. ఆకుపచ్చ షట్టరు ముగ్గురికి. సొట్ట షట్టరు ఇద్దరికి.

మొదటి నెంబరు ఎత్తిన మగాయన హుషారుగా మాట్లాడాడు. "చూశానండీ మీ వీడియో! మాకేం పర్వాలేదు. ప్రింటైతే ఏంటి, సోఫా రంగుకి అచ్చంగా కుదిరింది. మా ఆవిడైతే చుట్టాలందరికీ చేత్తో వేసిందనే చెప్పింది, ఇప్పుడు మళ్ళీ కాదని చెప్పమంటారా? ఉంచేస్తాం లెండి."

"డబ్బు వెనక్కి పంపుతానండీ. అది నాకు తిరిగి పంపండి."

"ఎందుకండీ శ్రమ?"

"దాని మీద నా సంతకం ఉందండీ" అంది. ఆయనకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పింది. చివరికి, చూద్దాంలెండి, అన్నాడు.

రెండో నెంబరు చాలాసేపు మోగింది. ఎత్తింది ఒక పెద్దావిడ. వెనక కుక్కర్ ఈల. షట్టరక్క తనెవరో చెప్పి, జరిగింది మొదటి నుంచీ చెప్పుకొచ్చింది. ఆవిడ వీడియో చూడలేదట. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాకుండా వింది.

"నాకు తెలుసమ్మా" అంది చివర్లో.

"ఏం తెలుసండీ?"

"ప్రింటని. వచ్చిన రోజే అనుమానమేసింది. నేను కుట్లు కుట్టేదాన్ని, వస్తువు వెనక్కి తిప్పి చూడకుండా ఉండలేను. చూస్తే ఎక్కడా తడికి కాగితం ఉబ్బిన గుర్తు లేదు. మీకు రాద్దామని ఫోను తీశాను." కుక్కర్ మళ్ళీ కూసింది. ఆవిడ స్టవ్ కట్టేసి వచ్చింది. "రాయబోయే ముందు మీ పేజీ తెరిచాను. అప్పుడే ఆ కళ్ళజోళ్ళ అమ్మాయి గొడవ. ఎలా పీక్కుతిన్నారో అంతా చదివాను. మీరు కూడా ఒక చోట నవ్వారు. నాకూ కూతురుంది, ఉద్యోగం చేసుకుంటోంది. మనకెందుకొచ్చిన రొష్టు అని నోరు మూసుకుని గోడకి తగిలించేశాను."

  షట్టరక్క వేలికింద కాగితం మీద రెండో నెంబరు చెమటకి అలుక్కుపోతోంది.

"ఉన్నారా?" అందావిడ.

"ఉన్నానండీ."

"తీసి పంపమంటారా మరి?"

"పంపండి" అంది షట్టరక్క. ఆవిడ చిరునామా రాసుకోవడానికి పెన్ను వెతుక్కుంటున్న చప్పుడు వింటూ, ఫోను చెవికి ఆనించుకుని అలాగే నిలబడింది.